లాసా ఆప్సోనా, షిట్జునా: మీ గుమ్మాన్ని బట్టి ఎంచుకోండి

"చిన్న కుక్క కావాలి, బొచ్చుగా ముద్దుగా ఉండాలి, ఫ్లాట్‌లో సర్దుకుపోవాలి" అని అడిగినవాళ్ళకి పెట్ షాపులో ఎక్కువగా చూపించేవి రెండు: షిట్జు, లాసా ఆప్సో. రెండింటి మూలాలూ టిబెట్‌లోనే ఉన్నాయి. రెండింటికీ నేలకి జీరాడే బొచ్చు, వీపు మీదికి వంకీ తిరిగిన తోక, రబ్బరు బ్యాండు పెట్టి పిలక కట్టేంత ముంగురులు. నెలన్నర పిల్లల్ని పక్కపక్కన పెడితే అమ్మేవాడికే ఒక్కోసారి తేడా తెలియదు. తెలిసినా చెప్పడు, చేతిలో ఏది ఉంటే మీరు అడిగింది అదే అంటాడు.

ఏడాది తిరిగేసరికి మాత్రం తేడా ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. కాలింగ్ బెల్ మోగితే లాసా తలుపు దగ్గర కాళ్ళు పాతుకుని నిలబడి, వచ్చినవాడెవడో తేల్చుకునేదాకా మొరుగుతుంది. షిట్జు తోక ఊపుకుంటూ వెళ్ళి గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి చెప్పులు వాసన చూసి, వీలైతే అతని వెంట లిఫ్టు దాకా వెళ్తుంది.

అందుకే ఈ రెండింట్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: మీ ఇంటి తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుచుకుంటుంది? పిల్లల స్నేహితులు, ట్యూషనుకొచ్చేవాళ్ళు, పనిమనిషి, పార్సిళ్ళు, పండక్కి దిగే చుట్టాలు వచ్చిపోతుండే ఇల్లు ఒకటి. ఇద్దరే మనుషులు, వచ్చేపోయేవాళ్ళు తక్కువ, ఎవరైనా వస్తే ముందే తెలియాలనుకునే ఇల్లు ఇంకొకటి. ఈ రెండు ఇళ్ళకీ ఒకే కుక్క సరిపోదు. ఎందుకు సరిపోదో అర్థం కావాలంటే వీటిని ఎవరు, ఏ పనికి పెంచారో చూడాలి.

మఠంలో కాపలా

లాసా ఆప్సో పుట్టిల్లు టిబెట్‌లోని బౌద్ధ మఠాలు, పెద్దింటివాళ్ళ లోగిళ్ళు. లాసా నగరమే సముద్రమట్టానికి దాదాపు 3,650 మీటర్ల ఎత్తున ఉంది. కళ్ళు చెదిరే ఎండ, దుమ్ముగాలి, ఎముకలు కొరికే పొడి చలి. దాని కళ్ళమీద పడే జుట్టు, బరుసైన పై బొచ్చు, దాని కింద ఊలులాంటి పొర ఆ వాతావరణానికి తగ్గవే. బయట గేటు దగ్గర టిబెటన్ మాస్టిఫ్ అనే పెద్ద కాపలా కుక్కని కట్టేసేవాళ్ళు. దాన్ని దాటుకుని ఎవరైనా లోపలికి జొరబడితే పసిగట్టి అందరినీ లేపడం లోపలుండే ఆప్సో పని. కలబడటం దాని వంతు కాదు, అంత ఒళ్ళూ దానికి లేదు. చీమ చిటుక్కుమన్నా వినాలి, వినగానే మొరగాలి, మొరగాలా వద్దా అన్నది యజమాని నిద్ర లేచి చెప్పకముందే తనే తేల్చుకోవాలి. ఇలా తరతరాలు పనిచేసిన కుక్కకి "కూర్చో" అంటే వెంటనే కూర్చునే గుణం రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది?

టిబెట్‌లో వీటిని మామూలుగా అమ్మేవాళ్ళు కారు, గౌరవంగా కానుక ఇచ్చేవాళ్ళు. కొందరు లామాలు మరుజన్మ ఎత్తేలోపు ఈ కుక్కల్లో ఉంటారన్న నమ్మకం కూడా అక్కడ ఉండేదని చెబుతారు. సిక్కింలో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్‌గా చేసిన కల్నల్ ఎఫ్. ఎం. బెయిలీ, ఆయన భార్య 1928లో కొన్నింటిని ఇంగ్లండుకి తీసుకెళ్ళారు. 1933లో 13వ దలైలామా అమెరికన్ యాత్రికుడు సైడమ్ కటింగ్‌కి ఒక జతని కానుకగా పంపారు. న్యూజెర్సీలో కటింగ్ దంపతుల హ్యామిల్టన్ ఫార్మ్‌లోనే అమెరికా లాసాల వంశం మొదలైంది. 1935లో, కుక్కల జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెనెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించి టెర్రియర్ల గుంపులో వేసింది. ఎలకల్ని తవ్వి పట్టే టెర్రియర్లతో దీనికి ఏ సంబంధమూ లేదని తేలి, 1959లో అక్కడినుంచి తీసి వేరే వర్గానికి మార్చింది.

అంతఃపురంలో ముద్దు

షిట్జు కథ కూడా టిబెట్‌తోనే మొదలవుతుంది కానీ, దాని స్వభావం కుదురుకున్నది పెకింగ్ (ఇప్పటి బీజింగ్) రాజభవనంలో. టిబెట్ నుంచి చైనా చక్రవర్తులకి కానుకలుగా వెళ్ళిన చిన్న కుక్కలు అక్కడి పొట్టి ముక్కు కుక్కలతో కలిసి ఈ జాతి తయారైందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. మంజుశ్రీ బోధిసత్వుడి వాహనం సింహం కదా, సింహంలా జూలున్న చిన్న కుక్క అంటే బౌద్ధ దర్బారులో మోజు సహజం. చింగ్ వంశపు చివరి రోజుల్లో రాజ్యాన్ని తెర వెనకనుంచి నడిపిన రాజమాత సిషీకి ఈ కుక్కలంటే ప్రాణం. పగ్‌లు, పెకినీస్‌లు, షిట్జులు ఒకదానితో ఒకటి కలవకుండా పెంచమని ఆమె ఆజ్ఞ. చూసుకునే నపుంసక సేవకులు మాత్రం చాటుగా కలిపేవారంటారు. 1908లో ఆమె చనిపోయాక ఆ పెంపకం చెదిరిపోయింది.

ఆ భవనంలో ఈ కుక్కకి కాపలా పని లేదు, వేట లేదు, గొర్రెలు కాసేది లేదు. ఒళ్ళో కూర్చోవడం, ముద్దు చేయించుకోవడం, చూసినవాళ్ళని నవ్వించడం, అంతే దాని కొలువు. ఆ కొలువు ఈనాటికీ చేస్తోంది.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. జనరల్ డగ్లస్ బ్రౌన్‌రిగ్ దంపతులు 1930లో చైనానుంచి ఇంగ్లండుకి తిరిగొస్తూ ఒక జత తెచ్చారు. వాటినీ, బెయిలీ దంపతుల టిబెట్ కుక్కలనీ అప్పట్లో ఒకే జాతి అనుకున్నారు. 1933లో చెల్టెనామ్ కుక్కల ప్రదర్శనలో రెండూ పక్కపక్కన నిలబడ్డాక తేడా బయటపడింది: చైనానుంచి వచ్చినవాటి ముక్కు పొట్టి, కాళ్ళు పొట్టి, తల గుండ్రం. 1934లో ఏర్పడిన టిబెటన్ బ్రీడ్స్ అసోసియేషన్ వాళ్ళు ఇవి ఆప్సోలు కావని తేల్చారు. అంటే మన పెట్ షాపులో ఇప్పుడు జరుగుతున్న గందరగోళానికి తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. అమెరికాలోనైతే ఇంగ్లండు నుంచి వెళ్ళిన కొన్ని షిట్జులు లాసాలుగానే రికార్డుల్లోకి ఎక్కేశాయి. షిట్జుకి అక్కడ వేరే జాతిగా గుర్తింపు వచ్చింది 1969లో.

ఇంకో సంగతి. కమ్యూనిస్టు విప్లవం తర్వాత చైనాలో ఈ జాతి దాదాపు అంతరించింది. ఈరోజు ప్రపంచంలో ఉన్న షిట్జులన్నీ 14 కుక్కల సంతానమే అని చెబుతారు, ఏడు మగవి, ఏడు ఆడవి. ఆ లెక్కలో 1952లో ఇంగ్లండులో కావాలని కలిపిన ఒక పెకినీస్ కూడా ఉంది. మరీ దగ్గరి రక్తం కలిసిపోతోందని అప్పటి పెంపకందార్లలో ఒకరు చేసిన పని అది, దాని మీద పెద్ద రభసే జరిగింది. ఇంత చిన్న పునాది మీద నిలబడ్డ జాతి కాబట్టి పిల్లని కొనేటప్పుడు తల్లిదండ్రుల ఆరోగ్యం గురించి అడగడం చాదస్తం కాదు.

చేతిలోకి తీసుకుని చూడండి

ముందు ముక్కు. పెరిగిన కుక్కలో కళ్ళ మధ్య గుంటనుంచి ముక్కు కొన దాకా షిట్జుకి అంగుళం మించదు, చాలావాటికి అంతకన్నా తక్కువ. మీ బొటనవేలు అడ్డంగా పెడితే సరిపోతుంది. లాసాకి అంగుళంన్నర ఉంటుంది, రెండు వేళ్ళు పడతాయి. తర్వాత కళ్ళు: షిట్జువి పెద్దవి, గుండ్రం, ఎదురుగా చూస్తుంటాయి. లాసావి కొంచెం చిన్నవి, బాదంగింజ ఆకారానికి దగ్గర, వాటిలో ఎప్పుడూ ఏదో లెక్క వేస్తున్న చూపు. తల కూడా లాసాది సన్నం, షిట్జుది వెడల్పు.

బొచ్చు వేళ్ళ మధ్య రుద్ది చూడండి. లాసా బొచ్చు బరువుగా, వంకీలు లేకుండా, కాస్త గరుకుగా ఉంటుంది. షిట్జుది మెత్తన, కొద్దిగా అలలు తిరగొచ్చు. షిట్జుకి ముక్కు దూలం మీది వెంట్రుకలు పైకి, పక్కలకి లేచి మొహమంతా విచ్చిన చామంతిలా కనిపిస్తుంది. లాసాకి ఆ జుట్టు నడినెత్తిన పాపిడి చీలి రెండు పక్కలకీ జారుతుంది. బరువు షిట్జుకి 4 నుంచి 7 కిలోలు, లాసాకి 5.5 నుంచి 8 కిలోలు. ఎత్తులో పెద్ద తేడా లేదు, లాసా ఒక అంగుళం పొడుగు, అంతే.

"ఇంపీరియల్ షిట్జు", "టీకప్ షిట్జు" అని ఎక్కువ ధర చెబితే నమ్మొద్దు. అలాంటి జాతి ఏ కెనెల్ క్లబ్బు పుస్తకంలోనూ లేదు. బక్కగా పుట్టినవాటిని మళ్ళీ మళ్ళీ జతకట్టించి తీసిన పిల్లలవి. ముద్దుకంటే వాటికి ఆసుపత్రి ఖర్చే ఎక్కువ.

ఇంట్లో ఎలా ఉంటాయి

షిట్జుకి మనుషులంటే భయం, అనుమానం రెండూ తక్కువ. కొత్తవాళ్ళు వస్తే సంతోషం, ఇంకో కుక్క వస్తే సంతోషం, పిల్లలు చుట్టూ మూగితే మరీ సంతోషం. గట్టిగా పట్టుకుంటే ఓర్చుకుంటుంది, మరీ నొప్పిపుడితే లేచి ఇంకో చోట పడుకుంటుంది. మొరగదని కాదు, మొరుగుతుంది. దానికి ఒక కారణం ఉండి తీరాలన్న పట్టింపు లేదు, ఆపమంటే ఆపుతుంది కూడా. దీనితో వచ్చే చిక్కు ఒంటరితనం. ఇంట్లోవాళ్ళంతా పొద్దున్నే ఆఫీసుకీ స్కూలుకీ వెళ్ళిపోయి సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చే ఇల్లయితే ఇది బెంగపెట్టుకుంటుంది. తిండి మానేయడం, పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకోవడం, గుమ్మం దగ్గర మూలగడం మొదలవుతాయి. మలమూత్రాల అలవాటు రావడానికి కూడా షిట్జు చాలా రోజులు తీసుకుంటుంది. ఆరు నెలల వయసులోనూ హాల్లో డోర్‌మ్యాట్ మీద పోసేస్తే కోప్పడొద్దు. బాల్కనీలో ఒకే చోట కాగితాలు పరిచి, నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక ప్రతిసారీ అక్కడికే ఎత్తుకెళ్ళాలి.

లాసా లెక్క వేరు. ఇంట్లో ఒకరిని "నా మనిషి" అని ఎంచుకుంటుంది. మిగతావాళ్ళు దానికి బంధువులు, బయటివాళ్ళు అనుమానితులు. సోఫా వెన్ను మీదికో, కిటికీ గట్టు మీదికో ఎక్కి వీధంతా కనిపించే చోటు చూసుకుని అక్కడే గంటలకొద్దీ కూర్చుంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడుని బట్టి పైఫ్లోర్ ఆయన వస్తున్నాడా, మీ అబ్బాయి వస్తున్నాడా తేల్చేస్తుంది. మీ అబ్బాయైతే లేచి తోక ఊపుతుంది, పైఫ్లోర్ ఆయనైతే పదేళ్ళ పరిచయమున్నా రెండు మొరుగులు మొరగందే ఊరుకోదు. ఒంటరిగా ఉండగలదు, తన పనేదో తాను చూసుకుంటుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో లాసాతో జాగ్రత్త. తోక లాగినా, నిద్రపోతుంటే మీద పడినా, తింటుంటే గిన్నె కదిపినా ఇది ఊరుకునే రకం కాదు. ముందు గుర్రుమంటుంది, లెక్కచేయకపోతే పళ్ళు తగిలిస్తుంది. ఇది చెడ్డ గుణమని నేను అనను, చెప్పి మరీ చేస్తుంది కదా! కానీ నాలుగేళ్ళ పిల్లాడికి ఆ గుర్రు అర్థం కాదు. పిల్లలకి ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆగమని నా సలహా. ఇంకోటి, లాసా పెద్దరికం నిదానంగా వస్తుంది. మూడేళ్ళు నిండేదాకా కొంటె చేష్టలు పోవు. పిల్లగా ఉన్నప్పుడే కొత్త మనుషుల్నీ, లిఫ్టునీ, వాచ్‌మన్‌నీ, మోటారు సైకిళ్ళనీ రోజూ చూపిస్తూ పెంచాలి. నాలుగు నెలల వయసుదాకా ఇల్లు దాటించకుండా పెంచిన లాసా జీవితాంతం ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతుంది. టీకాలు పూర్తి కాకముందు నేల మీద దించకపోయినా, ఎత్తుకుని తిప్పొచ్చు.

నేర్పించే తీరులో కూడా తేడా ఉంది. షిట్జుకి మెప్పు చాలు, "బంగారం" అంటే పొంగిపోతుంది. లాసాకి "ఇది చేస్తే నాకేంటి" అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. ఉడికించిన చికెన్ ముక్క చేతిలో ఉంటే వింటుంది, కర్ర చేతిలో ఉంటే పగ పెట్టుకుంటుంది. ఒకే ఆటని పదిసార్లు చేయించారా, పదకొండోసారి మొహం తిప్పేసుకుంటుంది. మొండి అని అందరూ అనే మాట ఇదే. మఠంలో రాత్రంతా ఎవరూ చెప్పకుండా పనిచేసిన జంతువు అది, ఆజ్ఞలకోసం ఎదురుచూసే అలవాటు దానికి లేదు.

మన ఎండలు

షోరూములో ఏసీలో చూసి ముచ్చటపడ్డ కుక్క మే నెలలో విజయవాడ ఫ్లాట్‌లో ఎలా ఉంటుందో కొనేముందే ఆలోచించాలి. కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే వాటికి ఒళ్ళు చల్లబరుచుకునే ముఖ్యమైన దారి. షిట్జుకి ముక్కు పొట్టి, లోపల గాలిదారి ఇరుకు. రొప్పినా సరిపడా గాలి ఆడదు. కోస్తాలో ఎండతోపాటు ఉక్కపోత కూడా ఉంటుంది కాబట్టి రొప్పినా తేమ ఆరదు, ఇంకా కష్టం. లాసా ముక్కు కాస్త పొడుగు కాబట్టి కొంత నయం, అంతమాత్రాన అది ఎండని ఓర్చే కుక్క అనుకోవద్దు. మంచు కొండల బొచ్చు అది.

రామగుండం, రెంటచింతల వైపు ఎండాకాలం మీకు తెలుసు. ఇంట్లో కనీసం ఒక గది చల్లగా ఉంచలేకపోతే ఈ రెండూ వద్దని సూటిగా చెబుతాను. కూలరున్నా పరవాలేదు, గాలి ఆడాలి. మార్చి నుంచి జూన్ దాకా నడకకి తెల్లవారకముందు, రాత్రి తొమ్మిది దాటాక. రోడ్డు మీద మీ అరచేయి వెనక భాగం అయిదు సెకన్లు పెట్టి చూడండి, మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది. గురకలాంటి చప్పుడుతో రొప్పడం, చిక్కటి జొల్లు, చిగుళ్ళు ఎర్రగా కందిపోవడం, నడక తూలడం కనిపిస్తే వడదెబ్బ. కుళాయి నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. ఐసు నీళ్ళలో ముంచొద్దు.

ఎండాకాలమని చర్మం కనబడేదాకా గుండు కొట్టించేవాళ్ళున్నారు. బొచ్చు అంగుళం ఉంచాలి. మొత్తం తీసేస్తే ఎండ నేరుగా చర్మానికే తగులుతుంది.

దువ్వెన పని

ఈ విషయంలో రెండూ ఒకటే, ఏది పెంచినా చాకిరీ తప్పదు. బొచ్చు పెద్దగా రాలదు, ఆ మాట నిజమే. రాలాల్సిన వెంట్రుక కింద పడకుండా పక్కదానికి చుట్టుకుని అట్ట కడుతుంది. చిక్కులు మొదలయ్యే చోట్లు ఇవి: చెవుల వెనక, చంకల్లో, బెల్టు రాసుకునే మెడ దగ్గర, వెనక తొడల లోపల. పైపైన బ్రష్ కొడితే మెరుస్తుంది, లోపల మాత్రం అట్ట అలాగే ఉంటుంది. బొచ్చుని పాయలుగా విడదీసి, చర్మం దగ్గరినుంచి కొసకి స్టీలు దువ్వెనతో దువ్వాలి. స్నానానికి ముందే చిక్కు తీయాలి, తడిస్తే బిగుసుకుని కత్తెర తప్ప దారి ఉండదు. తొమ్మిది నెలలనుంచి ఏడాది మధ్య పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చేటప్పుడు పరిస్థితి మరీ అధ్వాన్నం, ఒక్క రోజు మానేసినా తెల్లారేసరికి ఉండలు. మన దగ్గర ఇంకో బాధ పిడుదులు. ఈ బొచ్చులో దాక్కుంటే కనిపించవు. వానాకాలంలో వేళ్ళ సందుల్లో, చెవి లోపలి మడతల్లో చేత్తో తడిమి చూడాలి. టిక్ ఫీవర్ వస్తే కుక్క రోజుల్లో నీరసించిపోతుంది.

ప్రదర్శనలకి తీసుకెళ్ళే ఉద్దేశం లేకపోతే నాలుగైదు వారాలకోసారి పొట్టిగా కత్తిరించడమే సుఖం. గ్రూమింగ్ ఖర్చుని తిండి ఖర్చుతో సమానంగా లెక్కేసుకోండి.

షిట్జుకి అదనంగా కళ్ళ పని ఉంది. పెద్ద కళ్ళు, పైకి లేచే ముక్కు వెంట్రుకలు, ఆ రెండూ కలిసి రోజంతా నీరు కారుతుంది, లోపలి మూలలో గోధుమరంగు పుసులు కడతాయి. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి లోపలినుంచి బయటికి తుడవాలి, ఒక్కో కంటికి వేరే దూది. కన్ను సగం మూసి చూస్తోందన్నా, పాదంతో రుద్దుకుంటోందన్నా రేపు చూద్దాం అనుకోవద్దు. కంటిపాప మీది పొర గీసుకుపోయి పుండు పడటానికి వీటికి ఎక్కువ సమయం పట్టదు. కన్ను పొడిబారే జబ్బు రెండు జాతుల్లోనూ ఉంది. లాసాల్లో వయసు మీద పడ్డాక రెటీనా దెబ్బతిని చూపు తగ్గే వంశపారంపర్య జబ్బు కూడా కనిపిస్తుంది. మోకాలి చిప్ప జారడం, మూత్రంలో రాళ్ళు, పుట్టుకతో మూత్రపిండాలు సరిగా ఎదగకపోవడం రెండింట్లోనూ అడిగి తెలుసుకోవాల్సినవే. ఇవేవీ లేకుండా బాగా చూసుకుంటే రెండూ పన్నెండు నుంచి పదిహేనేళ్ళు బతుకుతాయి.

ఈ రెండూ వద్దనుకుంటే

పెకినీస్ అదే చైనా దర్బారుది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు పెకింగ్ దగ్గరి వేసవి భవనాన్ని దోచినప్పుడు దొరికిన ఒకదాన్ని కెప్టెన్ డన్ విక్టోరియా రాణికి బహూకరించాడు. దానికి పెట్టిన పేరు "లూటీ"! మన భాషల్లోంచి వెళ్ళిన ఆ మాట అంత నిజాయితీగా వాడిన సందర్భం ఇంకోటి ఉండదు. కుక్కగా మాత్రం మన ఎండకి షిట్జుకన్నా బలహీనం. పగ్ సంగతీ అంతే. 2003లో వచ్చిన హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనతో దేశమంతా దాని మోజులో పడింది, శ్వాస ఆడక ఎగపోసే పగ్‌లు ప్రతి వీధిలోనూ తయారయ్యాయి.

ఏసీ లేని ఇల్లయితే నేను చెప్పేది ఇండియన్ స్పిట్జ్. మన అమ్మమ్మల ఇళ్ళలో "పామరేనియన్" అని పిలుచుకున్న తెల్ల కుక్కలు నిజానికి ఇవే. కోణాకారపు మొహం, పొడుగు ముక్కు, మన వాతావరణానికి అలవాటుపడిన ఒళ్ళు. కాపలాకి లాసా అంత చురుకు, గారాబానికి షిట్జు అంత కాకపోయినా తీసిపోదు. విదేశీ జాతుల మోజులో వీటిని మరిచిపోయాం.

ఎవరింటికి ఏది

పదేళ్ళలోపు పిల్లలు, రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు, వచ్చేపోయే జనం, చల్లటి గది ఉంటే షిట్జు. ఇద్దరు పెద్దవాళ్ళు, పిల్లలు అమెరికాలో, ఇండిపెండెంట్ ఇల్లో గ్రౌండ్ ఫ్లోరో అయితే లాసా. ఎవరైనా గేటు తీస్తే చెప్పే తోడు దొరుకుతుంది, రోజుకి అరగంట నడిపిస్తే చాలు. అయితే గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంట్‌లో, లిఫ్టు తలుపు మీ గుమ్మానికి ఎదురుగా ఉంటే లాసా తెచ్చుకోవద్దు. లిఫ్టు ఆగినప్పుడల్లా మొరుగుతుంది, పక్కింటివాళ్ళతో మాటా మాటా పెరుగుతుంది. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదని జంతు సంక్షేమ బోర్డు చెప్పిన మాట నిజమే, కానీ రోజూ మొహాలు చూసుకోవాల్సింది మీరూ వాళ్ళూనే. మొదటిసారి కుక్కని పెంచుతున్నవాళ్ళకి కూడా షిట్జే సులువు. లాసా మంచి కుక్కే, దాని మాట మీద అది నిలబడే తీరుని ఇష్టపడేవాళ్ళకి.

రేపో మాపో విదేశం వెళ్ళే ఆలోచన ఉంటే ఒక్క క్షణం ఆగండి. పొట్టి ముక్కు కుక్కల్ని కార్గోలో తీసుకెళ్ళడానికి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు, షిట్జుకి ఆ ఇబ్బంది ఉంది. అమెరికా 2024 ఆగస్టు నుంచి కుక్కల ప్రవేశానికి ఆరు నెలల వయసు, మైక్రోచిప్ తప్పనిసరి చేసింది. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి ఇక్కడినుంచి వెళ్ళేవాటికి కాగితాలు ఇంకా ఎక్కువ.

కొనేదగ్గర: 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల పెంపకం, అమ్మకం చేసేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. "నెల పిల్లైతే మీకు బాగా అలవాటవుతుంది సార్" అనే మాట అబద్ధం, చట్టవిరుద్ధం కూడా. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆ ఎనిమిది వారాలు గడిపిన పిల్లకే ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. లాసా విషయంలో ఇది మరీ ముఖ్యం. "ఇంపోర్టెడ్ లైన్" అంటే కాగితం అడగండి, పెంపకం వ్యాపారానికి కుక్కల దిగుమతి మీద 2016లో కేంద్రం ఆంక్షలు పెట్టింది. కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ చూపిస్తే దాని మీది మైక్రోచిప్ నంబరూ, స్కానరు పెడితే కుక్కలో చూపించే నంబరూ ఒకటేనా చూడండి.

వెళ్ళేది మధ్యాహ్నం కాకుండా సాయంత్రం వెళ్ళండి, పిల్లలు మేలుకుని ఉంటాయి. తల్లిని చూపించమనండి. తల్లి మీ చెయ్యి వాసన చూసి దగ్గరికొస్తే పిల్లలూ అలాగే తయారయ్యే అవకాశం ఎక్కువ. మూలకి నక్కి వణుకుతున్నా, కరవబోయినా ఆ ఈతలోంచి తీసుకోవద్దు. పిల్ల ఊపిరి చెవి పెట్టి వినండి: నిద్రలో కాస్త గురక సరే, మేలుకుని ఊరికే కూర్చున్నప్పుడు కూడా ముక్కు బుసబుసలాడితే వదిలేయండి. తల్లి ఊళ్ళో లేదు, ఫోటో చూపిస్తాం అంటే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.